గీత గోడకెక్కే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. కంప్యూటర్‌లో గీసిన బొమ్మల్ని నలుగురైదుగురు కలిసి గ్యాలరీలో పెట్టాలనుకుంటున్నారు, ఎక్కడో ఒకచోట దెబ్బ తింటున్నారు. నీటిరంగులు వేసేవాళ్లకి బొమ్మ పూర్తయ్యేసరికి చేతిలో ఒక వస్తువుంటుంది. వెక్టర్, అంటే చుక్కలతో కాక లెక్కల గీతలతో కంప్యూటర్‌లో కట్టే బొమ్మ, వేసేవాళ్ల చేతిలో ఉండేది ఫైలు. చూడవచ్చినవాళ్లకి ఫైలుతో పని లేదు, గోడ మీదున్న కాగితమే బొమ్మ. కింది జవాబులన్నీ ఆ కాగితం వైపు నుంచి రాసినవే.

*

ప్రశ్న: సార్, నేను డీటీపీ సెంటర్లో పని చేస్తా ఉండాను. గోవిందరాజస్వామి గుడి గోపురం, దాని ముందర పూల అంగళ్లు కోరెల్ డ్రాలో ఎ4 సైజులో గీసినా. అంగళ్ల బోర్డుల మీద తెలుగు అక్షరాలు కూడా ఉండాయి. వెక్టర్‌ని ఎంత పెంచినా చెదరదంటారు కదా, ఎ2కి పెంచి ప్రింటు తీయిస్తే గీతలు దారాల మాదిరి అయినాయి. నీడలు మసకబారినాయి. రంగుకీ రంగుకీ నడిమి సన్నగా తెల్ల గీతలు పడినాయి. అక్షరాలు కొన్ని చెడినాయి. ఏంటికి ఇట్లయింది?
— తిరుపతి పాఠకుడు

జవాబు: మీ ఒక్క ప్రింటులో నాలుగు వేర్వేరు తప్పులు కలిశాయి. ఒక్కొక్కటే విప్పుదాం.

మొదట గీతలు. ఎ4 నుంచి ఎ2 అంటే పొడవూ వెడల్పూ రెండింతలు. ఆకారాలు పెరిగాయి, గీత మందం పెరగలేదు. 1 పాయింట్ గీత అంటే 0.35 మిల్లీమీటర్లు. ఎ4 కాగితాన్ని చేతిలో పట్టుకుని చూస్తే అది నిండుగానే ఉంటుంది. గోడ మీది బొమ్మని రెండు మీటర్ల దూరం నుంచి చూస్తారు. ఆ దూరంలో మామూలు కన్ను విడిగా పట్టుకోగలిగేది సుమారు 0.6 మిల్లీమీటర్లు. అంతకన్నా సన్నని నల్ల గీత కనిపించకుండా పోదు గానీ బూడిదరంగులోకి దిగిపోతుంది. కోరెల్‌లో గీతని ఎంచుకుని ఎఫ్12 నొక్కితే అవుట్‌లైన్ పెన్ తెరుచుకుంటుంది. అందులో ‘స్కేల్ విత్ ఆబ్జెక్ట్’ దగ్గర టిక్ పెట్టాకే బొమ్మని పెంచాలి. అలాంటి ఇంకో సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో ‘స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్’ ఉంటుంది. ఇంక్‌స్కేప్‌లో బాణం టూల్ పైపట్టీలోనే దీనికి బటన్ ఉంది. ‘హెయిర్‌లైన్’ అనే మందాన్ని మాత్రం ఎప్పుడూ వాడకండి. దానికి సొంత కొలత లేదు. ఏ మెషీన్ ఎంత సన్నగా గీయగలిగితే అంత సన్నగా గీసేస్తుంది.

మా సలహా ఇంకోటుంది. రెండింతలు చేస్తే గీత కూడా రెండింతలు కావాలన్న రూలేమీ లేదు. పెంచాక 0.7 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉన్న గీతల్ని విడిగా ఏరి చేత్తో సర్దండి. గోపురం బొమ్మలో బయటి అంచుకి 2 మిల్లీమీటర్లు, లోపలి శిల్పాలకి 0.8 పెడితే గోపురం గోడ మీద నిలబడుతుంది. అన్నిటికీ ఒకే మందం పెడితే ఇంటి ప్లానులా ఉంటుంది.

ఇక నీడలు. కోరెల్‌లోనూ ఇల్లస్ట్రేటర్‌లోనూ డ్రాప్ షాడో, బ్లర్, గ్లో లాంటివి వెక్టర్ కావు. వెక్టర్ బొమ్మలో దాక్కున్న ఫోటో ముక్కలవి. ఎఫెక్ట్ రిజల్యూషన్, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో, 72 దగ్గరుంటే ఎ2 సైజులోనూ 72 తోనే వస్తాయి, అందుకే మసక. ఇల్లస్ట్రేటర్‌లో ఎఫెక్ట్ మెనూ కింద ‘డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్’ ఉంటుంది. కోరెల్‌లో డాక్యుమెంట్ ఆప్షన్లలో ఎఫెక్ట్‌ల రిజల్యూషన్ ఉంటుంది. రెండుచోట్లా 300 పెట్టండి. పెట్టాక బొమ్మని మళ్లీ ఒకసారి చూసుకోండి, కొన్ని ఎఫెక్ట్‌ల తీరు మారిపోతుంది. అన్నిటికన్నా మేలు, బొమ్మ మొదలుపెట్టే రోజే అసలు సైజులో పేజీ తెరవడం.

తెల్ల గీతల సంగతి చాలామందికి అర్థం కాదు, కాస్త వివరంగా చెప్తాం. గోపురం పసుపు, ఆకాశం నీలం అంచులు ఒకదానికొకటి సరిగ్గా ఆనుకుని ఉన్నాయనుకోండి. ఆ అంచు ఒక పిక్సెల్ నడిమధ్య నుంచి పోతోంది. నీలం వచ్చి ఆ పిక్సెల్‌ని సగం కప్పింది. పసుపు వచ్చి మిగిలిన దాంట్లో సగం కప్పింది. ఇంకా పావు వంతు వెనకున్న తెల్ల కాగితం అలాగే ఉండిపోయింది. మీరు చూసిన గీత ఆ పావు వంతే. తెర మీద 400 శాతానికి జూమ్ చేయండి. ఆకారాలన్నీ పెరిగినా ఆ గీత మాత్రం అంతే సన్నగా ఉంటే తప్పు మీ గీతలో లేదు, మెత్తబెట్టిన అంచుల్లో ఉంది. ఒక్కోసారి ఇది తెర మీదే కనిపించి ప్రింటులో రాదు. ఫైలుని టిఫ్‌గా, అంటే చుక్కల బొమ్మగా, మార్చి ఇస్తే మాత్రం గీత దాంట్లో ముద్రపడిపోతుంది. విరుగుడు పాతదే: వెనకున్న ఆకారాన్ని ముందున్నదాని కిందికి అర మిల్లీమీటరు పొడిగించి గీయండి. ఆకాశం గోపురం అంచు దగ్గర ఆగకూడదు, దాని వెనక్కి పోవాలి.

అక్షరాలకొస్తే, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైప్ చేసిన మాట ఆ ఫాంట్ లేని సిస్టంలో పిచ్చి గీతలవుతుంది. యూనికోడ్ తెలుగు అయితే, ఇల్లస్ట్రేటర్‌లో భారతీయ లిపులకి సరిపడే కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు కిందికి పోకుండా పక్కన కూచుంటాయి. టైప్ చేశాక కోరెల్‌లో కంట్రోల్+క్యూ నొక్కి కర్వ్స్ చేసెయ్యండి, అంటే అక్షరాల్ని ఫాంటుతో పనిలేని ఆకారాలుగా మార్చెయ్యండి, ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఓ. మార్చడానికి వీలున్న కాపీ ఒకటి విడిగా దాచుకోండి. కర్వ్స్ చేశాక కూడా ఒక తిరకాసుంది. కొన్ని తెలుగు ఫాంట్లలో తలకట్టు, అక్షరం వేర్వేరు ముక్కలుగా ఒకదానిమీదొకటి పడి ఉంటాయి. అవి కలిసేచోట చిన్న చిల్లు పడుతుంది, లేదా అవుట్‌లైన్ పెడితే అక్షరం కడుపులో అడ్డగీత తేలుతుంది. వెల్డ్ చేస్తే, అంటే ముక్కల్ని ఒకే ఆకారంగా కలిపేస్తే, రెండూ పోతాయి. మీ బోర్డుల మీద ‘పూలు’ అన్న మాటలో ‘పూ’ని జూమ్ చేసి చూడండి, బహుశా అక్కడే దొరుకుతుంది.

*

ప్రశ్న: మామిడితోట మీద వరుస బొమ్మలు వేశాను. తెర మీద చిలకపచ్చ, ఊదా మెరిసిపోతున్నాయి. ఊళ్లో ప్రింటు తీయిస్తే పచ్చ పాచిరంగైంది. ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు కూడా పడ్డాయి. ఎక్కడ ప్రింటు తీయించాలి, ఏ కాగితం మీద?
— చిత్తూరు పాఠకురాలు

జవాబు: తెర వెలుగుతో రంగు పుట్టిస్తుంది, కాగితం వెలుగుని మింగి రంగు చూపిస్తుంది. ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, పచ్చ, నీలం వెలుగుల లెక్క) ఉన్న ముదురు చిలకపచ్చ, మెరిసే నీలం, ఊదా నాలుగు ఇంకుల ప్రింటుకి అందవు. మెషీన్ తనకి అందే దగ్గరి రంగు వేసేసి ఊరుకుంటుంది. బొమ్మ వేసేటప్పుడే ఇల్లస్ట్రేటర్‌లో ‘ప్రూఫ్ కలర్స్’ పెట్టుకుని చూస్తే ఏ రంగు చచ్చిపోతుందో ముందే తెలుస్తుంది. ఆకుపచ్చని ఇంకా పచ్చగా చేయాలని చూడకండి. పక్కనున్న రంగుని తగ్గించండి. ఎండిన ఆకుల మట్టిరంగు పక్కన పెడితే మామూలు పచ్చ కూడా చిలకపచ్చలా కనిపిస్తుంది.

ఎక్కడంటే, ఫ్లెక్స్ షాపు వద్దు. రోడ్డవతల నుంచి చూడ్డానికి పుట్టిన సరుకది. గ్యాలరీ లైటు కింద ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, దగ్గరకెళ్తే చుక్కలు లెక్కపెట్టొచ్చు. పెళ్లిపత్రికలు వేసే డిజిటల్ ప్రెస్‌లో 12×18 అంగుళాల 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో) ఆర్ట్ కార్డు మీద చక్కగానే వస్తుంది. చవగ్గా అమ్మే చిన్న ప్రింట్లకి అది చాలు. కానీ టోనర్, అంటే ఆ ప్రెస్ వాడే పొడి రంగు, కాగితం మీద పొరలా కూచుంటుంది కాబట్టి ఓ మూల నుంచి చూస్తే నల్లటి చోట్లు తళుక్కుమంటాయి. గోడకెక్కే బొమ్మకి పిగ్మెంట్ ఇంక్‌జెట్ (రంగుపొడి కలిసిన ఇంకుని చిమ్మే) ప్రింటే సరైనది. ఆ మెషీన్లలో ఎనిమిది, పది, పన్నెండు ఇంకులుంటాయి, మీ పచ్చకి చాలావరకు అందుతాయి. కాగితం ఆసిడ్ లేని కాటన్ రాగ్, 300 జీఎస్ఎం అటూ ఇటూ. హానెమ్యూలె ఫోటో రాగ్ 308 లాంటివి ఈ కోవలోవే. దగ్గర్లో అలాంటి ల్యాబ్ దొరక్కపోతే చెన్నైకో బెంగళూరుకో ఫైలు పంపి, కొరియర్‌లో తెప్పించుకోండి. చుట్టేటప్పుడు బొమ్మ మీద బటర్ పేపర్ పరిచి, నాలుగంగుళాలకి తగ్గని గొట్టంలో పెట్టమనండి. సన్నని గొట్టంలో వచ్చిన కాటన్ కాగితం సాపు కావడానికి రోజులు పడుతుంది.

ఆ ల్యాబులు చాలావరకు ఆర్‌జీబీ ఫైలే అడుగుతాయి, ప్రొఫైల్ (ఫైలుతో పాటు పోయే రంగుల వివరం) తీసెయ్యకుండా పంపాలి. డిజిటల్ ప్రెస్‌కైతే సీఎంవైకే, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకుల లెక్క. ఒకే ఫైలు రెండు చోట్లకీ పంపడం వల్లే సగం రంగులు చెడతాయి. నలుపు దగ్గర మరీ జాగ్రత్త. ప్రెస్ ఫైల్లో చెట్టు మొదలు ఒక్క కే 100తో (నల్ల ఇంకు నూరు శాతం), దాని నీడ నాలుగు ఇంకుల నలుపుతో ఉన్నాయనుకోండి. తెర మీద రెండూ ఒకటే. కాగితం మీద మొదలు బొగ్గుచారలా వెలవెలబోతుంది, నీడ మాత్రం గాఢంగా ఉంటుంది. పెద్ద నలుపు చోట్లన్నిటికీ సీ 60, ఎం 40, వై 40, కే 100 అని ఒకే నలుపు పెట్టండి. సన్న గీతలకీ చిన్న అక్షరాలకీ మాత్రం కే 100 ఒక్కటే. నాలుగు ఇంకులూ జుట్టువాసి పక్కకి జరిగినా చిన్న అక్షరం చుట్టూ రంగు తొంగిచూస్తుంది.

ఆకాశంలో చారలు లెక్క తప్పడం వల్ల వచ్చినవి. పైన లేత నీలం, కింద ఇంకాస్త లేత నీలం పెట్టి ఉంటారు. ఆ రెంటికీ మధ్య ఇరవై మెట్లే ఉంటే, 600 మిల్లీమీటర్ల ఎత్తులో ఒక్కో మెట్టు 30 మిల్లీమీటర్ల పట్టీ అవుతుంది. కన్ను ఇట్టే పట్టేస్తుంది. రెండు రంగుల మధ్య దూరం పెంచండి. లేదా బొమ్మని టిఫ్‌గా మార్చాక ఆకాశం మీద రెండు మూడు శాతం సన్నని ఇసుక రాల్చండి, అంటే నాయిస్. ఎ2కి 300 రిజల్యూషన్‌లో టిఫ్ కొలత 4961×7016 పిక్సెళ్లు రావాలి. తక్కువొస్తే ఎక్స్‌పోర్ట్ దగ్గర పొరబడ్డారన్నమాట.

మొత్తం బొమ్మని చిన్నదిగా చేసి పరీక్ష ప్రింటు తీయకండి, దాంతో ఏమీ తెలియదు. అసలు సైజులోనే నాలుగంగుళాల పట్టీ కోయండి. దాంట్లో పచ్చ, నలుపు, ఆకాశం, అన్నిటికన్నా సన్నని గీత, నాలుగూ పడాలి. దాన్ని పగటి వెలుతురులో ఒకసారి, ఎల్‌ఈడీ కింద ఒకసారి చూసి అప్పుడు పెద్ద ప్రింటుకి చెప్పండి.

*

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. ఇంట్లో కలంకారీ చేసేవాళ్లున్నారు. నేను ఆ నెమళ్లు, తీగలు, దేవతల ముఖాలు ఫోటో తీసి ఇమేజ్ ట్రేస్‌తో (ఫోటోని దానంతటదే గీతలుగా మార్చే టూల్) వెక్టర్ చేసి ప్రింట్లు వేస్తున్నాను. ఒక గ్రూప్ షోకి పంపితే ‘గీతలో జీవం లేదు’ అని తిప్పి పంపారు. కలంకారీ అని రాసుకోవచ్చా అన్నది కూడా అడగమన్నారు.
— శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: తిప్పి పంపినవాళ్లని తప్పుపట్టలేం. మీ ఇంట్లో పెద్దవాళ్ల పక్కన ఓ పూట కూచుని గీతని మాత్రమే చూడండి. వెదురు పుల్ల మొనకి కాస్త పైన గుడ్డో ఉన్నో చుట్టి దారం కట్టి ఉంటుంది. ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టిన నీళ్లలో దాన్ని ముంచుతారు. వేళ్లతో ఆ ఉండని నొక్కితే రంగు దిగుతుంది, వదిలితే ఆగుతుంది. గుడ్డకి ముందే కరక్కాయ, పాలు పట్టించి ఉంటారు కాబట్టి గీత పడగానే నల్లబడుతుంది, పాలల్లోని కొవ్వు వల్ల పక్కలకి పాకదు. నెమలి మెడ గీసేటప్పుడు నొక్కుడు పెరిగి గీత లావవుతుంది, తోక చివరికొచ్చేసరికి రంగు అయిపోతూ సన్నబడుతుంది. మళ్లీ ముంచిన చోట చిన్న బొట్టులా మొదలవుతుంది. చూసేవాళ్ల కంటికి ఆ బొట్టే చెయ్యి.

ఇమేజ్ ట్రేస్‌కి ఇదేమీ తెలియదు. గుడ్డ నేతనీ, బొట్టునీ, ఫోటోలోని నీడనీ ఒకే రకంగా చూసి అంచులు గీస్తుంది. ఒక నెమలి మెడ మీద ఎన్ని యాంకర్ పాయింట్లు (గీతని పట్టి ఉంచే చుక్కలు) పడ్డాయో లెక్కపెట్టండి, అరవయ్యో ఎనభయ్యో ఉంటాయి. చేత్తో పెన్ టూల్‌తో గీస్తే ఆ మెడకి నాలుగు చాలు: వంపు మొదలు, బాగా బయటికి వచ్చిన చోటు, బాగా లోపలికి పోయిన చోటు, చివర. పాయింట్లు పెరిగేకొద్దీ గీత వణుకుతుంది. ఎ4 లో కనిపించని వణుకు ఎ2 లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఫోటోని అడుగు పొరలో 30 శాతానికి పలచబరిచి లాక్ చేయండి. దాని మీద నడిగీత ఒక్కటే గీయండి, అంచులు కాదు. తర్వాత ఇల్లస్ట్రేటర్‌లో షిఫ్ట్+డబ్ల్యూ, అంటే విడ్త్ టూల్, పట్టుకుని కలం నొక్కిన చోట లాగి లావు చేయండి, వదిలిన చోట తగ్గించండి. మొదట్లో బొట్టు పెట్టడం మరవకండి. ప్రింటుకి పంపేముందు ‘ఎక్స్‌పాండ్’ చేస్తే మందం ఆకారంగా మారి స్థిరపడుతుంది. తెలుగు ఇల్లస్ట్రేషన్‌లో ఈ లావుసన్నాల ఆట చూడాలంటే బాపు గీతని మించిన బడి లేదు. ఒక్క జడ వంపులో గీత ఎన్నిసార్లు ఊపిరి పీల్చి వదిలిందో చూడండి.

పేరు సంగతి. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, ఉంది. ఆ పేరు చేత్తో కలం పట్టి సహజ రంగులతో గుడ్డ మీద చేసిన పనికి చెందుతుంది. ఇంక్‌జెట్ ప్రింటు మీద ఆ పేరు రాయకూడదు, మీ ఊరు శ్రీకాళహస్తే అయినా సరే. లేబుల్ మీద ‘డిజిటల్ ఇల్లస్ట్రేషన్, కాటన్ కాగితం మీద పిగ్మెంట్ ప్రింట్’ అని రాసి, పరిచయంలో కలంకారీ గీత నుంచి నేర్చుకున్నానని చెప్పుకోండి, అది గౌరవంగా ఉంటుంది. తీగ, నెమలి, హంస సంప్రదాయానివి, ఎవరి సొత్తూ కావు. ఇప్పుడున్న ఒక కళాకారుడు కూర్చిన ఫలానా పటాన్ని అలాగే ట్రేస్ చేస్తే మాత్రం అది ఆయన కాపీరైట్. ఇంట్లోవాళ్లదైనా అడిగి, వాళ్ల పేరు పక్కన వేయండి.

*

ప్రశ్న: డిజిటల్ బొమ్మకి ఒరిజినల్ అంటూ ఏముంటుంది? ఎన్ని ప్రింట్లు వేయొచ్చు?
— తిరుపతి, ఒక విద్యార్థిని

జవాబు: ఎడిషనే ఒరిజినల్. ‘ఈ బొమ్మ ఈ సైజులో పదే’ అని మీరిచ్చే మాట అది. కాబట్టి ముందే నిర్ణయించుకోవాలి, అమ్ముడుపోయేదాన్ని బట్టి పెంచుకుంటూ పోకూడదు. కొత్తవాళ్లకి పది బాగుంటుంది. పదికి మించి ఒకటి ఏపీ, అంటే ఆర్టిస్ట్ ప్రూఫ్, మీ దగ్గర ఉంచుకోవచ్చు. బొమ్మ చుట్టూ అంగుళంన్నర తెల్ల అంచు వదిలి, దాని కింద ఎడమ వైపు 3/10 అని, మధ్యలో పేరు, కుడివైపు సంతకం, సంవత్సరం రాయండి. పెన్సిల్‌తోనే రాయండి. బాల్ పెన్ ఇంకు వెలిసిపోతుంది, జెల్ పెన్ కాటన్ కాగితం మీద పాకుతుంది. పదీ ఒకేసారి వేయించక్కర్లేదు. కానీ ల్యాబ్, కాగితం, ఫైలు పేరు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోకపోతే ఏడాది తర్వాత ఏడో ప్రింటు మొదటిదానిలా రాదు.

*

ప్రశ్న: ప్రింటుని మా వీధిలో దేవుడి పటాలు కట్టే షాపులోనే కట్టించాను. వానాకాలం పోయేసరికి కాగితం అలలు తేలింది, ఒకచోట అద్దానికి అతుక్కుపోయింది. షాపతనేమో నీ కాగితమే మంచిది కాదంటాడు.
— తిరుపతి పాఠకుడు

జవాబు: కాగితం తప్పు కాదు, కట్టిన తీరు. అయితే ఆ షాపతనిదీ పూర్తిగా తప్పు కాదు. దేవుడి పటం కట్టే పద్ధతిలోనే కట్టాడు: వెనక హార్డ్‌బోర్డు, దాని మీద జిగురు పూసి అంటించిన బొమ్మ, పైన నేరుగా అద్దం, చుట్టూ మేకులు. ఆఫ్‌సెట్ పటానికి అది నడుస్తుంది. పిగ్మెంట్ ప్రింటుకి నడవదు. నీళ్ల జిగురు తగలగానే కాటన్ కాగితం సాగుతుంది, ఆరాక హార్డ్‌బోర్డు ఒకలా కాగితం ఒకలా ముడుచుకుని అలలు తేలతాయి. అద్దం లోపలి తడి ఇంకు పొరకి తగిలి అతుక్కుంటుంది. అతుక్కున్నదాన్ని లాగకండి, రంగు అద్దంతో పాటే వస్తుంది.

అదే షాపుకి వెళ్లండి, కొత్తవాళ్లని వెతకక్కర్లేదు, కానీ దగ్గరుండి చెప్పి చేయించండి. ప్రింటు వచ్చాక ఒక రోజు బయట ఆరనివ్వండి. అద్దానికీ ప్రింటుకీ మధ్య ఆసిడ్ లేని మౌంట్ బోర్డు (మధ్యలో కిటికీలా కోసిన అట్ట) రావాలి, రెండున్నర అంగుళాల వెడల్పున. కిటికీ కోసేటప్పుడు బొమ్మ చుట్టూ అర సెంటీమీటరు, కింద సంతకం కనపడేలా ఒకటిన్నర సెంటీమీటర్లు వదలమనండి. ప్రింటుని దేనికీ పూర్తిగా అంటించకూడదు. పై అంచు వెనక రెండు చోట్ల మాత్రమే ఆసిడ్ లేని కాగితపు టేపుతో వేలాడదీయాలి, లేదా నాలుగు మూలలా ఫోటో కార్నర్లు పెట్టాలి. అప్పుడు తేమకి కాగితం సాగినా ముడుచుకున్నా దాని చోటు దానికి ఉంటుంది. సెల్లోటేపు పసుపుపచ్చ మరక వదులుతుంది. ఉడకేసిన మైదా కాగితం తినే పురుగులకి విందు. వెనక హార్డ్‌బోర్డుకీ ప్రింటుకీ మధ్య ఇంకో మౌంట్ బోర్డు పెట్టి, అంచులన్నీ బ్రౌన్ టేపుతో మూసేయాలి. కింది రెండు మూలలకీ చిన్న రబ్బరు బొడిపెలు అంటిస్తే పటం వెనక గాలి ఆడుతుంది.

చెన్నై షోకి బస్సులో తీసుకెళ్లేట్టయితే అద్దం మీద మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా గళ్లు గళ్లుగా అంటించండి, పగిలినా ముక్కలు ప్రింటు మీద పడవు. అక్రిలిక్ షీట్ అయితే టేపు అంటించొద్దు, మరకలు పడతాయి. దుమ్ము కూడా పొడిగుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి.

*

ప్రశ్న: నలుగురం కలిసి షో పెడుతున్నాం. ఒక్కో గోడ పన్నెండడుగులు. పటాలు ఏ ఎత్తున, ఎంత దూరంలో? పోయినసారి మేకులన్నీ కొట్టాక పటాలు ఎగుడుదిగుడుగా వచ్చాయి.
— చిత్తూరు పాఠకుడు

జవాబు: పై అంచులు కలిపి ఉంటారు. పటాల నడుములు కలపాలి. నేల నుంచి 57 అంగుళాల దగ్గర గోడంతా పెన్సిల్‌తో సన్నగా గీత గీసుకోండి, ప్రతి పటం నడిమధ్య ఆ గీత మీద పడాలి. మేకు ఎక్కడ కొట్టాలో ఇలా లెక్కేయండి: 57కి పటం ఎత్తులో సగం కలిపి, దాంట్లోంచి తీగ బిగుసుకున్నప్పుడు పటం పై అంచుకీ తీగకీ ఉండే దూరం తీసేయాలి. పటం ఎత్తు 30 అంగుళాలు, తీగ పై అంచుకి 3 అంగుళాల కింద బిగుస్తుందంటే, 57+15−3, మేకు 69 అంగుళాల దగ్గర. తీగ దూరాన్ని ఒక్కో పటానికీ విడిగా కొలవాలి. పోయినసారి మీరు తప్పింది బహుశా ఇక్కడే. షాపతను ఒకదానికి తీగ వదులుగా, ఇంకోదానికి బిగుతుగా కట్టి ఉంటాడు. బరువు పటాలకి తీగ మాని రెండు మేకుల మీద రెండు డీ-రింగులు (పటం వెనక బిగించే డీ ఆకారపు రింగులు) వేలాడదీస్తే పక్కకి ఒరగవు.

పన్నెండడుగులంటే 144 అంగుళాలు. 24 అంగుళాల వెడల్పు పటాలు నాలుగు పెడితే 96 పోయి 48 మిగులుతుంది. పటానికీ పటానికీ మధ్య 8 చొప్పున మూడు ఖాళీలు, రెండు కొసల్లో 12 చొప్పున. నలుగురివీ వేర్వేరు సైజులైతే అన్ని గోడలకీ అందరివీ పంచకండి, ఒకరి బొమ్మలు ఒకచోటే పెట్టండి. వెక్టర్ బొమ్మల్లో రంగు చదునుగా, గట్టిగా ఉంటుంది. వాటి పక్కన లేత నీటిరంగు బొమ్మ పెడితే అది వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, ఆ స్నేహితుడు మీతో మాట్లాడడం మానేస్తాడు. మధ్యలో నలుపు తెలుపు బొమ్మ ఒకటి అడ్డం పెట్టండి. లైటు 30 డిగ్రీల వాలుగా పైనుంచి పడితే అద్దంలో బల్బు కనిపించదు.

*

ప్రశ్న: షో పెట్టేవాళ్లు ‘ఒరిజినల్ సీడీఆర్ ఫైలు పంపండి, మేమే ప్రింటు వేయిస్తాం, కమిషన్ 40 శాతం’ అంటున్నారు. ఇవ్వొచ్చా? ధర ఎంత పెట్టాలి?
— చిత్తూరు పాఠకురాలు

జవాబు: సీడీఆర్, అంటే మార్చడానికి వీలున్న కోరెల్ మూల ఫైలు, ఇవ్వకండి. అది మీ వంటగది, వడ్డించాల్సింది పళ్లెం. కర్వ్స్ చేసిన పీడీఎఫ్ గానీ అసలు సైజు టిఫ్ గానీ ఇవ్వండి. ఎన్ని ప్రింట్లు, ఏ కాగితం, ఏ సైజు, షో అయ్యాక మిగిలినవి ఎవరివి, ఫైలు తుడిచేస్తారా, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, దారిలో అద్దం పగిలితే ఎవరు పెట్టుకోవాలి, ఇవన్నీ ఒక మెయిల్‌లోనైనా రాయించుకోండి. ప్రైవేటు గ్యాలరీల్లో 30 నుంచి 50 శాతం కమిషన్ మామూలే, 40కి ఉలిక్కిపడాల్సింది లేదు. ఉలిక్కిపడాల్సింది లెక్క వేసుకోనప్పుడు. ఉదాహరణకి ప్రింటుకి 1,800, పటానికి 2,200 అయిందనుకోండి, అది మీరే పెట్టుకుంటే 4,000 మీ చేతి డబ్బు. ధర 9,000 పెడితే కమిషన్ 3,600 పోయి 5,400 వస్తుంది. ఖర్చు తీసేస్తే 1,400. మీ పని దినాలకి అది సరిపోతుందో లేదో మీరే చూసుకోండి. పటం లేని ప్రింటుకి వేరే ధర పెడితే పటం డబ్బు మీద కమిషన్ కట్టే బాధ తప్పుతుంది.

కొన్నవాళ్లకి దక్కేది ఆ ప్రింటు మాత్రమే. బొమ్మ మీద కాపీరైట్ మీదే, 1957 చట్టం ప్రకారం మీ జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు. యాత్రికులొచ్చే ఊళ్లలో మంచి బొమ్మ కీచైన్ల మీదికీ టీషర్టుల మీదికీ ఎక్కడం ఎంతసేపో కాదు. తారీఖుతో ఉన్న సోర్సు ఫైలే అప్పుడు మీ సాక్ష్యం. దాన్ని పంచిపెట్టొద్దనడానికి అదొక కారణం.

*

ప్రశ్న: డబ్బు తీసుకుని ఒకరి పుస్తకానికి వేసిన ముఖచిత్రాన్ని షోలో పెట్టొచ్చా?
— పుత్తూరు పాఠకుడు

జవాబు: అడిగి పెట్టండి. వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కి మొదటి హక్కుదారు డబ్బిచ్చినవారేనని చట్టంలో 17వ సెక్షన్ చెప్తుంది. కంప్యూటర్ బొమ్మ పెయింటింగ్ అవునా కాదా అని తర్వాత వాదించుకునేకన్నా, ఇప్పుడు రెండు వాక్యాల అనుమతి తెచ్చుకోవడం తేలిక. ఇకమీదట పని ఒప్పుకునేటప్పుడే ‘ప్రదర్శనలో పెట్టుకునే, ప్రింట్లు అమ్ముకునే హక్కు చిత్రకారుడిది’ అని రాయించుకోండి.

*

ప్రశ్న: లేబుల్ మీద క్యూఆర్ కోడ్ పెట్టొచ్చా?
— తిరుపతి పాఠకురాలు

జవాబు: పెట్టొచ్చు, రెండున్నర సెంటీమీటర్లకి తగ్గకుండా, తెలుపు మీద నలుపుతో, చుట్టూ నాలుగు గళ్ల తెల్ల అంచు వదిలి. బొమ్మ రంగులకి జతగా లేత రంగుల్లో వేస్తే ఫోన్లు చదవవు. కొన్ని ఉచిత సైట్లలో చేసిన కోడ్ గడువు తీరితే పని చేయదు, మీ పేజీ లింకుని నేరుగా కోడ్‌గా మార్చుకోండి. కోడ్‌ని కూడా వెక్టర్‌గానే తీసుకుని, ప్రింటు వేశాక రెండు వేర్వేరు ఫోన్లతో, గ్యాలరీ లైటు కిందే చూసుకోండి.